నా ఒక్కదానికే వినిపించిన కీచు

ఉస్తాద్ గ్యారేజీ ముందు, పట్టపగలు, పక్క పంక్చరు షాపు వాళ్లతో కలిపి ఓ పదిమంది చూస్తుండగా, నలభై తొమ్మిదేళ్ల హెడ్‌మిస్ట్రెస్‌ని నేను, పళ్లు బిగించి, మెడ నరాలు తేలేలా "కీఈఈఈఈ" అని కూత పెట్టాను. ఉస్తాద్ చేతిలో పానా పట్టుకుని, కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి విన్నాడు.

"కీచ్ హై, యా సీటీ హై, మేడం?" అన్నాడు.

కీచా, ఈలా అని అడుగుతున్నాడు. కీచయితే బెల్టో, బ్రేకో. ఈలయితే ఎక్కడో గాలి లీకు. గుంయ్‌మంటే చక్రం బేరింగు. మా రాయచూరులో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిపి మాట్లాడతాం కాబట్టి శబ్దాలకు కూడా మూడేసి పేర్లుంటాయి. మూడు భాషల్లోనూ చెప్పాను. చాలక మళ్లీ కూసి చూపించాను. పంక్చరు షాపతను నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

సంగతేమిటంటే, నా కారు గేరు మార్చి యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా చెవిలో సూది దింపినట్టు సన్నగా కీచుమనేది. వేగం అందుకోగానే ఆగిపోయేది. స్పీడ్ బ్రేకర్ దాటి తొక్కితే మళ్లీ కీచు. రోజూ వచ్చేది. వచ్చినట్టు నాకు తప్ప ఈ భూమ్మీద ఇంకో మనిషికి తెలిసేది కాదు.

కల్మల దాటాక లింగసుగూరు రోడ్డు వదిలి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే మా బడి. బస్సు రోడ్డు మీదే దింపేసి తన దారిన తాను పోతుంది. అక్కడి నుంచి ట్రాక్టరు దొరికితే ట్రాక్టరు, లేకపోతే కాళ్లే గతి. తొమ్మిదేళ్లు అలా నడిచాను. మా ఎండల్లో నాలుగు కిలోమీటర్లు నడిచి క్లాసులోకి అడుగుపెడితే, పాఠం సంగతి దేవుడెరుగు, ముందు నిలబడటానికే పావుగంట పట్టేది. అందుకే నలభై ఆరో ఏట డ్రైవింగు నేర్చుకుని, సెకండ్ హ్యాండులో ఈ చిన్న కారు కొనుక్కున్నాను. మా పుట్టింటి వైపూ అత్తింటి వైపూ స్టీరింగు పట్టిన మొదటి ఆడదాన్ని నేనే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది, దాచుకోవడం ఎందుకు?

శబ్దం మొదలవగానే ముందు మా ఆయనకే చెప్పాను. ఆయన స్కూటరు మనిషి. కారు నడపడం వచ్చు గానీ నడపడమంటే ఇష్టం లేదు. ఆదివారం పొద్దున లుంగీ మీదే వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

"జర ఆగు, ఇననియ్యి," అంటూ అద్దాలన్నీ దించాడు. ఏసీ బటన్ నొక్కి ఆపేశాడు. "గీ గాలి హోరుల ఏం ఇనవడ్తది?" అన్నాడు.

స్టేషన్ రోడ్డు దాకా పోయి వచ్చాం. తొక్కాడు, వదిలాడు, మళ్లీ తొక్కాడు. కారు కిక్కురుమనలేదు.

"ఏది? ఏడ వస్తుంది?"

"నిన్న వచ్చింది. మొన్న వచ్చింది. నేను తొక్కితే వస్తది."

"గట్లయితే నువ్వు తొక్కుడు తక్కువ జెయ్యి," అని తన హాస్యానికి తనే నవ్వుకుంటూ ఇంట్లోకి పోయాడు. ఆ నవ్వు చూసి అరికాలి మంట నెత్తికెక్కింది.

అప్పుడే ఉస్తాద్ దగ్గరికి పోయింది. ఉస్తాద్ అంటే మా బజారులో అందరికీ గౌరవం. బండి గేటులోకి వస్తుండగానే దాని జబ్బేమిటో చెప్పేస్తాడని పేరు. నా కూత విని, కీచేనని తేల్చి, బానెట్ ఎత్తి పైనున్న ఫ్యాన్ బెల్టు నొక్కి చూశాడు. బాగానే ఉందన్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడపబోతూ, "మేడం, పహ్లే ఏసీ బంద్. ఆవాజ్ సున్నా హై నా," అన్నాడు. శబ్దం వినాలంటే ముందు ఏసీ ఆపాలి కదా అని. నేనే ఆపాను. బైపాసు మీద రెండు చుట్లు తిప్పాడు. కారు వెన్నపూసలా పోయింది. ఉస్తాద్ నా వైపు జాలిగా చూశాడు. బ్రేకులు విప్పి దుమ్ము దులిపి, ముందు చక్రాల బేరింగులకు గ్రీజు పెట్టి పంపాడు.

మర్నాడు పొద్దున ఊరు దాటి గేరు మార్చానో లేదో, కీఈఈఈ. కారు ఆపి స్టీరింగు మీద రెండు గుద్దులు గుద్దాను. హారన్ మోగి, పక్కన పోతున్న సైకిలాయన పొలంలోకి దిగిపోయాడు. పాపం, అతనేం చేశాడు?

నేను సైన్సు టీచర్ని. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు చెబుతున్న మాటే నాకు నేను చెప్పుకున్నాను, ముందు గమనించు, రాసుకో, తర్వాత మాట్లాడు అని. ఒక నోటుబుక్కు తీసి గళ్లు కొట్టాను. టైము, గేరు, వేగం, రోడ్డు ఎత్తా పల్లమా, టైరులో గాలి, బయట ఎండ. మూడు వారాలు రాశాను. అన్ని గేర్లలో వచ్చింది. ఎత్తులో వచ్చింది, పల్లంలో వచ్చింది. పొద్దున వచ్చింది, సాయంత్రం మరీ వచ్చింది. ఏ గడికీ ఇంకో గడికీ పొత్తు కుదరలేదు. నా నోటుబుక్కు చూస్తే నాకే నవ్వొచ్చింది, నవ్వయ్యాక ఏడుపొచ్చింది.

ఒక్క విషయం మాత్రం తేలింది, అది కూడా నాకు వ్యతిరేకంగానే. కల్మలలో మా బడి బిసియూట వండే అవ్వ కారెక్కుతుంది. పిల్లలకు మధ్యాహ్నం పెట్టే వేడి భోజనం ఆమె చేతిదే. ఎక్కగానే మోకాళ్లు పట్టుకుని ఒకటే మాట.

"అక్కోరె, గా సల్లగాలి బంద్ జెయ్యుండ్రి. మోకాళ్లు గుంజుతున్నయి."

ఇక్కడ టీచరమ్మల్ని అక్కోరు అంటారు. నేను ఏసీ ఆపి అద్దాలు దించేదాన్ని. ఆమె ఎక్కిన దగ్గర నుంచి బడి దాకా కీచు నోరు మూసుకునేది. ఒక్క సాక్షి దొరికిందనుకుంటే ఆ సాక్షి ముందు కూడా పరువు తీసింది.

"అవ్వా, నిజం చెప్పు, నీకేమన్న చప్పుడు ఇనవడుతుందా?"

"ఇనవడ్తది అక్కోరె."

నా ప్రాణం లేచొచ్చింది. "ఎట్లుంది?"

"నువ్వు పండ్లు కొర్కుతున్న చప్పుడు," అంది అవ్వ.

ఊరి బయట ఉన్న సర్వీసు సెంటరుకు కూడా పోయాను. అక్కడ టై కట్టుకున్న అబ్బాయి కారుకు వైరు తగిలించి కంప్యూటరు చూసి, "ఎర్రర్ ఏం లేదు మేడం," అన్నాడు. ఎర్రర్ కంప్యూటరుకు కాదు నాయనా, నా చెవికి వచ్చిందన్నాను. సరేనని నడపడానికి కూర్చున్నాడు. అతని చెయ్యి మొట్టమొదట ఎటు పోయిందో వేరే చెప్పాలా? అద్దాలు దించాడు, ఏసీ ఆపాడు, చెవులు రిక్కించాడు. పది నిమిషాల తర్వాత దిగి, చాలా మర్యాదగా, "మీరు హాఫ్ క్లచ్‌ల ఎక్కువ నడుపుతరా మేడం?" అన్నాడు. కారులో తప్పు దొరక్కపోతే ఆడదాని కాలిలో తప్పు దొరుకుతుంది మరి!

"ఫోన్‌ల రికార్డు జెయ్యరాదు?" అన్నాడు మా ఆయన, గొప్ప ఉపాయం చెప్పినట్టు. చేశాను. ఫోను డ్యాష్‌బోర్డు మీద నిలబెట్టి బడి దాకా రికార్డు చేసి, తీసుకెళ్లి ఉస్తాద్‌కి వినిపించాను. అందులో ఏసీ గాలి హోరు తప్ప ఏమీ లేదు. "ఏసీ బంద్ కర్‌కే రికార్డ్ కరో మేడం, సాఫ్ ఆతా," అన్నాడు ఉస్తాద్, ఏసీ ఆపితే శుభ్రంగా వినబడుతుందని. ఏసీ ఆపి, చెమటతో తడిసి ముద్దవుతూ ఇంకోసారి రికార్డు చేశాను. అందులో ట్రాక్టర్లున్నాయి, మేకలున్నాయి, నేను ఎవరినో తిట్టిన తిట్టుంది. కీచు మాత్రం లేదు.

ఇక మిగిలింది నా చెవులే. ఆ సంగతి మా ఆయన నోటితో అనలేదు గానీ, ఒక సాయంత్రం స్కూటరు మీద ఎక్కించుకుని తిన్నగా చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. "ఒక్కసారి సూపిస్తే ఏం పోతది?" అన్నాడు. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, శబ్దం వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. ఒక్కటి వదలకుండా ఎత్తాను. సన్నని శబ్దాలు నా వయసువాళ్లలో చాలామంది కంటే నాకే బాగా వినిపిస్తున్నాయన్నాడు డాక్టరు. నా ఛాతీ ఉప్పొంగింది. వెంటనే ఆయన కళ్లజోడు సర్ది, "ఇంట్ల ఏమన్న టెన్షన్ ఉందామ్మా?" అన్నాడు. మా ఆయన తల వంచుకుని రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన కోపంగా మాట్లాడలేదు. అదే నన్ను ఓడించింది.

"నీ మాట అబద్ధం అంటలేను. కాని గా రోడ్డు మీద మనిషి కనవడడు. ఎక్కడన్న నడిమిట్ల ఆగిపోతే, పక్కన ముసలామె ఉంటే, ఏంది గతి? అమ్మేద్దాం. టౌనుకు ట్రాన్స్‌ఫర్ పెట్టుకో. మాన్వి ఊరాయన ఒకాయన అడుగుతున్నడు, ఆదివారం వస్తనన్నడు."

నేను పోట్లాడాల్సింది. పోట్లాడలేదు. నిజం చెప్పాలంటే అప్పటికి నన్ను నేనే నమ్మడం మానేశాను. ఒక రోజు నేనొక్కదాన్నే, ఎవరూ లేనప్పుడు, తేల్చేద్దామని అద్దాలు దించి, ఏసీ ఆపి, ఊపిరి బిగబట్టి పదహారు కిలోమీటర్లు నడిపాను. ఒక్కసారి కూడా రాలేదు. శబ్దం లేదేమో, డాక్టరు అన్నట్టు నాలోనే ఏదో ఉందేమో అనుకున్నాను. కారు పోతే బడికి నడవలేను, మళ్లీ ఆ నడక నా మోకాళ్లు మోయలేవు. పన్నెండేళ్లుగా చూస్తున్న బడి. ఇప్పటి ఏడో తరగతి పిల్లల్లో కొందరి అక్కలకూ అన్నలకూ అక్షరాలు దిద్దించింది నేనే. ట్రాన్స్‌ఫర్ అర్జీ రాసి సంతకం పెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. సోమవారం ఆఫీసులో ఇచ్చేద్దామని. రాస్తున్నంతసేపూ ఏడ్చాను.

ఆదివారం పదకొండు గంటలకు మాన్వి ఆయన వచ్చాడు, వడ్ల వ్యాపారి. వెంట భార్య. ఎండ అప్పటికే చంపుతోంది. ఆయన కారు చుట్టూ తిరిగి, టైర్లు తన్ని, నడిపి చూస్తానన్నాడు. పక్కన మా ఆయన, వెనక నేనూ ఆవిడా కూర్చున్నాం. ఆయన కూడా చెవి పెట్టే మనిషే. ఏసీ ఆపి, అద్దాలు దించి, లింగసుగూరు రోడ్డు మీద బాగా తొక్కాడు. ఇంజిన్ పొగిడించుకోవడానికే పుట్టినట్టు పోయింది.

"ఇంజిన్ ఛలో ఐతి," అన్నాడు సంతోషంగా, ఇంజిన్ బాగుందని. మా ఆయన వెనక్కి తిరిగి నా వైపు ఒక చూపు చూశాడు. చూశావా, అని. అంత కోపం నాకు ఆ కారు మీద ఎప్పుడూ రాలేదు. పోతే పో, నీకూ నాకూ రుణం తీరింది అనుకున్నాను.

తిరిగి వస్తుంటే పక్కనున్నావిడ కొంగుతో ముఖం తుడుచుకుంటూ భర్త భుజం తట్టింది. "ఏసీ హచ్చ్రి, నోడోణ," అంది. ఏసీ వేయండి, పనిచేస్తుందో లేదో చూద్దాం అని. ఇంత ఎండలో కొనే కారుకు ఏసీ చూడకుండా ఎవరు కొంటారు? ఆయన అద్దాలెక్కించి బటన్ నొక్కాడు. ముందు ఎద్దుల బండి అడ్డొస్తే నెమ్మది చేసి, అది తప్పుకోగానే గేరు మార్చి తొక్కాడు.

కీఈఈఈఈఈ!

 ఆయన మళ్లీ తొక్కాడు. మళ్లీ కీచు. నేను ముందుకు దూకి మా ఆయన భుజం పట్టుకుని ఊపేశాను.

"వచ్చింది! ఇనుండ్రి, ఇనుండ్రి! ఇదే! ఇదే నేను చెప్పింది!"

పక్కనావిడ భయపడి తలుపు వైపుకు జరిగింది. కారు అమ్ముతున్న మనిషి దాని జబ్బు బయటపడిందని కేరింతలు కొట్టడం ఆమె ఎప్పుడు చూసింటుంది? నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పిచ్చిదాన్ని కాదు నేను. నా చెవి చెవే.

"ఏన్రీ ఇదు సద్దు?" అన్నాడు మాన్వి ఆయన, ఏమిటీ చప్పుడు అని, మా ఆయన్ని నిలదీసినట్టు.  మా ఆయన బొటనవేలు మెల్లగా ఏసీ బటన్ మీదికి పోయింది. నొక్కాడు. కీచు ఆగింది. మళ్లీ నొక్కాడు. కీచు. ఆ బటన్ మీదున్న చిన్న పచ్చ దీపం వెలగడం, ఆరడం చూస్తూ నేను నెత్తి కొట్టుకున్నాను. నోటుబుక్కులో అన్ని గళ్లు కొట్టాను, ఎండకు కూడా గడి పెట్టాను. ఏసీకి పెట్టలేదు. మా ఎండల్లో కారన్నాక ఏసీ ఉండేదే, దానికీ ఒక గడి కావాలని నాకు తోచనే లేదు. తీరా వినాలనుకున్న ప్రతివాడూ, నాతో సహా, ముందు దాన్నే ఆపేశాడు.

మాన్వి దంపతులు ఫోన్ చేస్తామని చెప్పి వెళ్లిపోయారు. వాళ్ల వెనక గేటు వేస్తూ మా ఆయన అన్న మొదటి మాట ఇది.

"ఏసీ వెడితే వస్తదని ముందుగాల్నే చెప్పొద్దా?"

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. పక్కింటివాళ్లు కిటికీ వేసుకున్నారు.

మధ్యాహ్నానికల్లా ఉస్తాద్ గ్యారేజీలో ఉన్నాం. ఆదివారమైనా కబురు వినగానే వచ్చాడు. స్టార్ట్ చేయించి, ఏసీ వేయించి, యాక్సిలరేటర్ తొక్కించాడు. కీచు వినగానే రెండు చెవులూ పట్టుకున్నాడు.

"తౌబా! హర్ బార్ మైఁ హీ బోలా, ఏసీ బంద్ కరో!" ప్రతిసారీ నేనే కదా ఆపమన్నది అని.

ఫ్యాన్ బెల్టు కింద, కంటికి అందని చోట, ఏసీకి వేరే బెల్టు ఒకటుందట. వదులై, లోపలి వైపు అద్దంలా మెరుస్తోంది. ఏసీ వేస్తేనే దాని మీద బరువు పడేది, తొక్కితే జారి కీచుమనేది. వేయకపోతే అది ఊరికే తిరిగేది. కొత్త బెల్టు వేసి బిగించడానికి అరగంట కూడా పట్టలేదు. ఎన్ని నెలలు నా ప్రాణం తోడేసింది, అరగంట!

ఉస్తాద్ నల్లటి చేతులు చాపి, "కోయీ కాగజ్ హై క్యా మేడం, పోంఛ్నే కూ?" అన్నాడు. చేతులు తుడుచుకోవడానికి కాగితమట. హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి నా ట్రాన్స్‌ఫర్ అర్జీ తీసి ఇచ్చాను. ఏ కాగితమో చూసే ఇచ్చాను. మా ఆయన కూడా చూశాడు.

సాయంత్రం ఆయనే అడిగాడు, కల్మల దాకా పోయొద్దామా అని. నేను నడిపాను, ఆయన పక్కన కూర్చున్నాడు. అద్దాలు మూసి, ఏసీ పూర్తిగా పెట్టాను. ఒకటో గేరు, రెండు, మూడు. ఎంత తొక్కినా ఒక్క శబ్దం లేదు.

"సూసినవా, ఎంత నున్నగ పోతుందో," అన్నాడు ఆయన, బెల్టు తనే మార్చినట్టు కాళ్లు చాపుకుని.

నా బుద్ధి ఊరుకోలేదు. ఉన్నట్టుండి, "అయ్యో, మళ్ల వస్తుంది!" అన్నాను. "ఇనవడ్తలేదా?"

ఆయన ముఖం మారిపోయింది. నిటారుగా కూర్చుని, మెడ చాచి, చెవి డ్యాష్‌బోర్డుకు ఆనించినంత పని చేశాడు. "ఆగాగు, జర ఇననియ్యి," అంటూనే ఆయన చెయ్యి తిన్నగా ఏసీ బటన్ మీదికి పోయింది.

ఆ చేతి మీద ఒక్కటి వేశాను. ఆ చప్పుడు మాత్రం ఆయనకు బాగానే వినిపించింది.